నలభై రెండో రోజు

వైశాఖ బహుళ దశమి నాడు కొండగట్టు మీద కాషాయం తప్ప ఇంకో రంగు కంటికి ఆనదు. జగిత్యాల, కరీంనగర్, పెద్దపల్లి, వరంగల్ పల్లెల నుంచి వచ్చిన హనుమాన్ స్వాములు ఆ రోజు అంజన్న ముందు మాల విరమిస్తారు. చైత్ర పౌర్ణమికి మాల వేసుకున్నవాళ్లకు ఈ పెద్ద హనుమాన్ జయంతి నాటికి సరిగ్గా 41 రోజులు నిండుతాయి. ఆ రోజులన్నీ తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, చాప మీద పడక. కాళ్లకు చెప్పులుండవు. మందు ముట్టరు, మాంసం ముట్టరు, నోట బూతుమాట రానీయరు. ఏళ్ల తరబడి పొద్దుగూకగానే బెల్టుషాపు దారి పట్టిన మనిషి కూడా ఆ మండలం రోజులు భజనకు పోతాడు, భజన కాగానే ఇంటికొస్తాడు. పిల్లలు భయం లేకుండా అతని పక్కన కూర్చుంటారు.

ఆ తర్వాత 42వ రోజు వస్తుంది. కొందరు అట్లాగే నిలబడతారు. కొందరు కొండ దిగి ఊరు చేరేలోపే పాత దారి పడతారు. "మాల తీసిండో లేదో మళ్ల మొదలువెట్టిండు" అని వాడకట్టు అంటుంది. వచ్చే ఏడు మళ్లీ మాల, మళ్లీ 41 రోజులు, మళ్లీ అదే కథ. నాలుగైదేళ్లు ఇట్లా గడిచాక ఎవరో ఒకరు అడగనే అడుగుతారు. "గిట్ల వేసుకునుడెందుకు, తీసుడెందుకు? దేవునితోని ఆటలా?"

కోపంలో అడిగినా ఇది గట్టి ప్రశ్నే. ఒకసారి తప్పు చేసి ఏడ్చినవాణ్ని దేవుడు క్షమిస్తాడంటే ఎవరూ కాదనరు. అదే తప్పు పదోసారి చేసి, పదోసారి అదే గుడి మెట్లెక్కినవాడి సంగతేమిటి? వాడి మొక్కు మొక్కేనా? వాడి కన్నీళ్లను దేవుడు నమ్ముతాడా?

ఈ ప్రశ్న మనకంటే చాలా ముందే ఒక రాజు అడిగాడు. భాగవతం ఆరో స్కంధం మొదట్లో పరీక్షిత్తు శుకుణ్ని నిలదీస్తాడు. పాపం కీడు చేస్తుందని తెలిసి కూడా మనిషి మళ్లీ చేస్తాడు. ఒకప్పుడు మానుకుంటాడు, ఇంకొకప్పుడు అదే పనికి దిగుతాడు. అట్లాంటప్పుడు ప్రాయశ్చిత్తం ఎందుకు? ఏనుగు స్నానం లాంటిదే కదా అంటాడు. ఏనుగు చెరువులో దిగి ఒళ్లంతా శుభ్రంగా కడుక్కుంటుంది, గట్టెక్కగానే తొండంతో దుమ్ము తీసి వీపు మీద చల్లుకుంటుంది. మాల తీసిన సాయంత్రానికి ఇంతకంటే సరిపోయే పోలిక దొరకదు. పరీక్షిత్తు ఇది ఊరికే వాదం కోసం అడగలేదు. తాను చేసిన తప్పుకు శాపం తగిలి, ఏడు రోజుల్లో చావబోతున్న మనిషి అతను.

శుకుడు ఆ మాటను కొట్టిపారేయడు. నిజమే, ఒక పనితో చేసిన పాపాన్ని ఇంకో పనితో పూర్తిగా చెరపలేమని ఒప్పుకుంటాడు. పథ్యం తినేవాడి జోలికి రోగం ఎట్లా రాదో, నియమంగా బతికేవాడు అట్లా మెల్లమెల్లగా బాగుపడతాడని చెబుతాడు. తర్వాత రెండు పోలికలు తెస్తాడు. తపస్సు, బ్రహ్మచర్యం, దానం లాంటివి పాపాన్ని కాల్చడం వెదురు పొదను నిప్పు కాల్చడం లాంటిదట. భక్తి పాపాన్ని తొలగించడం పొగమంచును సూర్యుడు విడగొట్టడం లాంటిదట. ములుగు, ఏటూరునాగారం అడవుల దగ్గర పెరిగినవాళ్లకు మొదటి పోలిక విడమరచి చెప్పనక్కర్లేదు. ఎండాకాలం నిప్పంటుకుంటే వెదురు పొద నల్లగా మాడిపోతుంది, ఇక అయిపోయిందనుకుంటాం. నాలుగు వానలు పడగానే అదే దుబ్బులోంచి కొమ్ములు పొడుచుకొస్తాయి. భూమి లోపలి గడ్డను నిప్పు ముట్టలేదు మరి. దీక్షలో 41 రోజులు కాలింది పైన కనబడే పొద మాత్రమే. మళ్లీ చిగురు పుట్టిందంటే ఆ మంట ఉత్తదని అనలేం, లోపల ఇంకా గడ్డ మిగిలి ఉందని తెలుసుకోవాలి. రెండో పోలికలో పొగమంచుకు మనం చేసేదేమీ ఉండదు. ఎండ వచ్చేదాకా వాకిట్లో నిలబడడమే మన వంతు.

ఆ వెంటనే శుకుడు చెప్పే కథే అజామిళుడిది. ఓరుగల్లు గడ్డ మీద బమ్మెర పోతన పేరు చెప్పగానే భాగవతమంతా ఆయనదే అనుకుంటాం కానీ, ఈ ఆరో స్కంధాన్ని తెలుగు చేసినవాడు ఏర్చూరి సింగన. కథ అందరికీ తెలిసిందే. కన్యాకుబ్జంలో చదువూ శీలమూ ఉన్న మనిషి దారి తప్పాడు. కట్టుకున్నదాన్ని, కన్నవాళ్లను వదిలేశాడు, జూదం, దొంగతనం, మోసం అన్నీ చేశాడు. ఒకరోజు కాదు, ఒక ఏడాది కాదు. చావు దగ్గరకొచ్చేసరికి 88 ఏళ్లు గడిచిపోయాయి. పదిమంది కొడుకుల్లో చిన్నవాడి పేరు నారాయణ. యమభటులను చూసిన భయంలో ఆ పిల్లవాణ్ని పిలిచాడు. ఆ పిలుపుకే విష్ణుదూతలు వచ్చి అడ్డుపడ్డారు.

హరికథల్లో, ఉపన్యాసాల్లో సాధారణంగా ఇక్కడితో ఆపుతారు. ఇక్కడ ఆపితే కథ పాడవుతుంది. జీవితమంతా ఎట్లా బతికినా చివర్లో ఒక్క పేరు పలికితే చాలన్న లెక్క మిగులుతుంది. మూలంలో జరిగింది వేరు. విష్ణుదూతలు అజామిళుణ్ని వైకుంఠానికి తీసుకుపోలేదు. భటుల చేతి నుంచి విడిపించి, అక్కడే వదిలేసి, మాయమైపోయారు. అతను మంచం మీద లేచి కూర్చుని తాను చేసినవన్నీ ఒక్కొక్కటే తలచుకుని కుమిలిపోయాడు. ముసలి తల్లిదండ్రులను వదిలేసిన సంగతి, పెళ్లాన్ని వదిలేసిన సంగతి అప్పుడు గుర్తుకొచ్చాయి. ఆ తర్వాత గంగాద్వారానికి వెళ్లి మనసును నిలుపుకునే సాధన చేశాడు. విమానం వచ్చింది ఆ సాధన పూర్తయ్యాకే. అంటే దేవుడు అతనికి ముందుగా ఇచ్చింది మోక్షం కాదు, గడువు. తాను ఏమి చేశాడో తానే చూసుకోవడానికి కొన్ని రోజులు. దయ అనగానే లెక్క కొట్టేయడమే గుర్తుకొచ్చేవాళ్లు ఈ సంగతి దగ్గర ఒక్క నిమిషం ఆగాలి.

మన భాషలోనే దీనికి ఒక మాట ఉంది. వేములవాడ రాజన్న ముందు కోడెను కట్టేటప్పుడు గానీ, మేడారంలో గద్దె దగ్గర బెల్లం పెట్టేటప్పుడు గానీ, మొక్కు ఆలస్యమైనవాళ్లు చెంపలు వేసుకుంటారు. కుడిచేయి ఎడమ చెంపకు, ఎడమచేయి కుడి చెంపకు, మెల్లగా, పెదవులు కదుపుతూ. "పోయినసారి రాలేకపోయిన తల్లీ, తప్పు కాయి." ఇక్కడ క్షమించు అనే మాట వాడరు. కాయి అంటారు. కాయడం అంటే రోజువారీ బతుకులో ఏమిటి? మేకలను కాయడం, చేను కాయడం. కాపు, కాపరి, కాపాడు అన్నీ ఆ మాటకు చుట్టాలే. కొట్టేయడం, తుడిచేయడం అన్న అర్థం అందులో లేదు. వెంట ఉండి చూసుకోవడం ఉంది.

కాపరికి మందలో ప్రతి మేకా తెలుసు. కంచె సందు వెతికి పక్కవాళ్ల మొక్కజొన్నలో దూరే మేక ఏదో మరీ బాగా తెలుసు. ఆ దొంగమేక నిన్న దూరింది, ఇవాళ దూరింది, రేపూ దూరుతుంది. అంతమాత్రాన దాన్ని అడవిలో వదిలేసి రాడు. కట్టె పట్టుకుని దాని వెనకే ఉరుకుతాడు, మెడకు గుదికొయ్య కడతాడు, సాయంత్రం మంద లెక్కలో దాన్నీ లెక్కపెడతాడు. కొమురవెల్లి మల్లన్నను గొల్లకురుమలు తమ దేవుడిగా కొలిచి, పట్నాలు వేసి, ఒగ్గుడోలు మీద ఆయన కథ పాడుకునేది ఈ నేల మీదే. ఇక్కడివాళ్లు దేవుణ్ని కాపరిగా తలిస్తే అది పుస్తకంలో నేర్చుకున్న పోలిక కాదు, తెల్లవారి లేచి చేసే పని.

అయితే అదే పనిలో ఇంకో సగం ఉంది. మేక పంట మేసిందంటే రైతు ఊరుకోడు. దాన్ని తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టించేవాడు. దండుగ కడితే తప్ప దొడ్డి తలుపు తెరిచేవారు కాదు. ఆ దండుగ మేక కట్టలేదు కనుక కాపరి కట్టేవాడు. మేకను వదులుకోలేదు కదా అని మేసిన పంట తిరిగి మొలవదు. కాయడమంటే ఈ రెండూ కలిసి ఉండాలి. తప్పిపోయినదాన్ని వెతికి తెచ్చుకోవాలి, అది చేసిన నష్టాన్ని ఒప్పుకోవాలి.

ఈ రెంటినీ ఒకేచోట కళ్లతో చూడాలంటే కాళేశ్వరం పోవాలి. వరంగల్ నుంచి భూపాలపల్లి మీదుగా నూరు కిలోమీటర్ల పైచిలుకు. గోదావరిలో ప్రాణహిత కలిసేచోట, అవతలి ఒడ్డున మహారాష్ట్ర కనబడుతుండగా, ఆ గుడి ఉంటుంది. గర్భగుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తీశ్వరుడు, అంటే శివుడు. స్థలపురాణం ఇట్లా చెబుతుంది. ఇక్కడ ముక్తీశ్వరుడు వచ్చినవాళ్లందరికీ ముక్తి ఇచ్చేస్తూ పోయాడు. యముడికి పని లేకుండా పోయింది. ఆయన శివుణ్ని ప్రార్థిస్తే, నా పానవట్టం మీదే నీకూ చోటిస్తాను, ముందు నిన్ను పూజించి తర్వాత నన్ను పూజించినవాళ్లకే ముక్తి, నిన్ను దాటి నేరుగా నా దగ్గరికి వచ్చినవాణ్ని నువ్వు తీసుకుపో అని శివుడు మాట ఇచ్చాడట. అందుకే ఇప్పటికీ అక్కడ మొదటి పూజ యముడికే.

ఈ కథను వింతగా చెప్పుకుని వదిలేస్తాం గానీ, ఇందులో ఉన్న ఆలోచన చాలా లోతైనది. యముడంటే లెక్క. ఎవరు ఎవరికి ఏం చేశారో రాసి ఉంచేవాడు. శివుడు ఆ లెక్కను చించేయలేదు, యముణ్ని వెళ్లగొట్టలేదు. పక్కనే, ఒకే పీఠం మీద కూర్చోబెట్టాడు. వరుస కూడా నిర్ణయించాడు. చేసిన పని ముందు తలవంచి నిలబడు, ఆ తర్వాత ముక్తి అడుగు. గుడికొచ్చిన ముసలివాళ్లు ఈ వరుసను ఎంత జాగ్రత్తగా పాటిస్తారో చూస్తే, వాళ్లకు ఇది ఎవరూ వివరించనక్కర్లేదని తెలుస్తుంది.

గోదావరి వెంట పైకి పోతే ధర్మపురి. నరసింహస్వామి గుడి ఆవరణలోనే యముడికి గుడి ఉంది. పాపుల లెక్కలు చూసి చూసి మనశ్శాంతి కరువైన యముడు ఇక్కడ గోదావరిలో మునిగి, నరసింహుణ్ని చూసి నెమ్మది పొందాడని చెబుతారు. ఆయన మునిగిన చోటే యమగుండమట. ధర్మపురికి వచ్చినవాళ్లకు యమపురి ఉండదని సామెత. శిక్షించేవాడికి కూడా ఊరట కావాలన్న ఊహ ఎవరికి మొదట తట్టిందో గానీ, వాళ్లకు దండం పెట్టాలి. ఆ ఊరి శేషప్ప కవి నరసింహ శతకంలో ప్రతి పద్యం చివరా వచ్చే మకుటం బడి పిల్లలకు కూడా నోటికి వచ్చేది. అందులో దేవుణ్ని 'దుష్టసంహార' అని పిలిచిన పాదంలోనే 'దురితదూర' అనీ పిలుస్తాడు. దుష్టుణ్ని చంపేవాడూ ఆయనే, పాపాన్ని దూరం చేసేవాడూ ఆయనే. ఆ రెండు మాటల మధ్య దూరం ఎంత? నరసింహుడి పేరు మాత్రమే.

మిగతా ఇళ్లలోనూ ఇదే మాట ఇంకో తీరుగా వినబడుతుంది. కాజీపేట దర్గాకు పోయేవాళ్లు నమ్మే హదీసులో, అంటే ప్రవక్త చెప్పిన మాటల్లో, ఒక దాసుడు తప్పు చేసి క్షమాపణ అడుగుతాడు, మళ్లీ చేస్తాడు, మళ్లీ అడుగుతాడు. దేవుడు ప్రతిసారీ క్షమిస్తూ, తప్పులు క్షమించేవాడూ తప్పులకు పట్టుకునేవాడూ అయిన ప్రభువు తనకున్నాడని నా దాసుడికి తెలుసు అంటాడు. సాటి మనిషి హక్కు కాజేసి ఉంటే, అది తిరిగి ఇవ్వనిదే ఆ పశ్చాత్తాపం నిండదని ఇస్లాం పండితులు చెబుతారు. చర్చిలో చదివే సువార్తలో, ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని పేతురు అడిగితే డెబ్బై ఏళ్లమారులు, అంటే డెబ్బై ఏడులసార్లు, అన్నది జవాబు. జక్కయ్య అనే పన్ను వసూలుదారు, ఏసు తన ఇంటికి వచ్చిన రోజున, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని లేచి నిలబడి చెప్పాడు.

ఇంత చెప్పాక కూడా ఒక చేదు నిజం పక్కన పెట్టలేం. దేవుడి దయ పేరు చెప్పి మనుషులను బాధపెట్టేవాళ్లు ఉన్నారు. రాత్రి పెళ్లాం మీద చేయి చేసుకుని పొద్దున హుండీలో 500 వేసి, తేలికపడ్డ మొహంతో ఇంటికొచ్చేవాడు ఉన్నాడు. హుండీలో పడ్డ నోటు ఆమె చెంప మీది వాపును తగ్గించదు. పెద్దలు దీనికి తలుపు ముందే మూశారు. నామం ఉంది కదా అన్న ధీమాతో పాపం చేయడం నామానికే చేసే అపరాధమని పద్మపురాణం పది నామాపరాధాల్లో ఒకటిగా లెక్కపెట్టింది. అజామిళుడు ధీమాతో పిలవలేదు, భయంతో పిలిచాడు. ఆ తేడా చిన్నది కాదు.

ఇంకో సంగతి. దేవుడు క్షమించాడు కనుక నువ్వూ క్షమించు అని ఇంటి ఆడమనిషిని ఒత్తిడి చేయడం తరచూ కనబడుతుంది. "ఎంతైనా మొగడు కదనే, మాల వేసుకున్నడు కద" అని అమ్మలక్కలే అంటారు. ఇది తప్పు. దేవుడు కాసేది తనకు మొక్కినవాడి తప్పును. దెబ్బ తిన్న మనిషి తరఫున సంతకం పెట్టే పని ఆయన కూడా చేసినట్టు ఏ కథలోనూ లేదు. ఆమెకు నమ్మకం కుదరడానికి ఎన్నేళ్లు పడితే అన్నేళ్లు పట్టాలి. దూరంగా ఉండడమే క్షేమమనుకుంటే ఉండాలి. మనసు మారినవాడికి ఆ ఎదురుచూపు భారంగా ఉండవచ్చు, అది అతను మోయాల్సిన దండుగ.

తప్పు మళ్లీ మళ్లీ చేసేవాడి లోపల ఏం జరుగుతుందో గీతలో అర్జునుడు మూడో అధ్యాయంలోనే అడిగాడు. ఇష్టం లేకున్నా ఎవరో బలవంతంగా తోసినట్టు మనిషి పాపం ఎందుకు చేస్తాడు? తాగుడు మాన్పించే డాక్టర్లు, కౌన్సిలర్లు చూసేది కూడా దీన్నే. మానినవాడు ఒక్క గ్లాసు తాగినా, అసలు ప్రమాదం ఆ గ్లాసుతో మొదలుకాదు. "ఎట్లాగూ పోయింది, ఇగ ఆపి ఏం లాభం" అన్న ఆలోచనతో మొదలవుతుంది. సిగ్గు, తన మీద తనకే రోత, ఆ టెన్షన్ మర్చిపోవడానికి ఇంకో గ్లాసు. అమెరికా మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ ఈ జారుడును వివరంగా అధ్యయనం చేశాడు. జారినప్పుడు నేను పనికిరానివాణ్నని అనుకున్నవాడు ఇంకా కిందికి పోతాడు, కాలు జారింది, లేస్తాను అనుకున్నవాడు లేచే అవకాశం ఎక్కువ.

దయ అవసరమయ్యేది ఆ గ్లాసుకూ రెండో గ్లాసుకూ నడుమ ఉన్న కొద్ది నిమిషాల్లో. దేవుడు నన్ను ఇంకా లెక్కలోనే పెట్టుకున్నాడు అన్న నమ్మకం అప్పుడు పట్టుకొమ్మ అవుతుంది. పరీక్షిత్తు అడిగిన ఏనుగు స్నానానికి ఇది కూడా ఒక జవాబే. ఏనుగు దుమ్ము చల్లుకునేది మురికి మీద ప్రేమతో కాదు. ఎండ నుంచి, పురుగుల నుంచి చర్మాన్ని కాపాడుకోవడానికి. తాగేవాడి వెనక కూడా ఏదో ఎండ ఉంటుంది. అప్పు కావచ్చు, ఒళ్లు నొప్పులు కావచ్చు, ఎవరికీ చెప్పుకోలేని దుఃఖం కావచ్చు. అది చూడకుండా స్నానం గురించి మాట్లాడితే సగమే మాట్లాడినట్టు.

ఒక జాగ్రత్త చెప్పాలి. రోజూ బాగా తాగే అలవాటున్నవాడు మాల వేసుకున్న రోజే ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, ఫిట్స్ రావడం, మతి తప్పి మాట్లాడడం జరగవచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. అది దేవుడి కోపం కాదు, తప్పు చేసినందుకు పడిన శిక్ష కాదు. ఒంటికి అలవాటైన మందు ఆగినందువల్ల వచ్చేది. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మాత్ర వేసుకుంటే దీక్ష చెడుతుందన్న భయం వద్దు.

మళ్లీ 42వ రోజు దగ్గరికి వద్దాం. ఆ 41 రోజుల్లో పనిచేసింది ఏమిటో చూస్తే భయమూ నియమమూ కొంతే. ఇంకొకటి ఉంది, దాన్ని గమనించేవాళ్లు తక్కువ. మాల మెడలో పడగానే ఆ మనిషి పేరు మారిపోతుంది. ఊళ్లో చిన్నాపెద్దా అందరూ "స్వామీ" అంటారు. నిన్నటిదాకా "అరేయ్" అన్నవాడు, "తాగుబోతోడు" అన్నవాడు కూడా స్వామీ అంటాడు. కన్నకొడుకు స్వామీ అంటాడు. పెళ్లాం అన్నం వడ్డిస్తూ "స్వామీ, ఇంకింత పెట్టనా" అంటుంది. అతనూ అందరినీ స్వామీ అనే పిలుస్తాడు. రోజుకు వందసార్లు ఆ పిలుపు చెవిన పడ్డాక, మనిషి దానికి తగ్గట్టు నడుచుకోకుండా ఉండడం కష్టం. 41 రోజులు ఊరంతా కలిసి ఒక మనిషిని కాస్తుంది. తాను ఆ పని చేస్తున్నానని ఊరికి తెలియదు, అంతే.

మాల తీసిన రోజున ఆ పిలుపు కూడా తీసేస్తారు. పూసలు తీసి దేవుడి పటానికి వేలాడదీస్తారు, కాషాయం మడిచి పెట్టెలో పెడతారు. పొద్దున లేచేసరికి అతను మళ్లీ పాత పేరుతో, పాత అప్పుతో, పాత దోస్తులతో ఒంటరిగా ఉంటాడు. సాయంత్రం భజన లేదు. ఆ ఏడు గంటల వేళ ఎటు పోవాలో కాళ్లకు ముందే తెలుసు.

కానీ ప్రతి వాడకట్టులోనూ మారిన పిలుపు అంత తొందరగా నోటికి రానివాళ్లు ఒకరిద్దరు ఉంటారు. గద్దె మీద కూర్చున్న ముసలామె చూపు ఆనక, తలకు చేయి అడ్డం పెట్టుకుని, వాకిట్లోంచి పోతున్నవాణ్ని పిలుస్తుంది. "ఎటు పోతున్నవు స్వామీ? జర ఈ బియ్యం మూట లోపల వెట్టిపో." మాల లేని మెడను తడుముకుంటూ అతను ఒక్క క్షణం ఆగుతాడు. తర్వాత చెప్పులు విడిచి, మూట ఎత్తుకుని, లోపలికి పోతాడు.